ఊడని రంగు

అయస్కాంతం జారి కిందపడింది.

పెయింటర్ దాన్ని తీసి బస్సు పక్కరేకుకు పెట్టాడు. ఠక్కున అతుక్కుంది. తలుపు పక్కన కప్పును మోసే స్తంభానికి పెట్టాడు. మళ్ళీ నేలమీదికే. కప్పు ఫైబర్‌ది, సరే. స్తంభం ఇనుముది కావాలి కదా! గరుకు కాగితంతో రుద్ది చూశాడు. తుప్పు తినేసిన ఇనుము చోట ఫైబర్ గుడ్డ చుట్టి, జిగురు పోసి, లప్పం మెత్తారు. వేలితో కొడితే అట్టపెట్టెలా మోగింది.

"బావా, ఇది ఇనుము కాదు."

"నాకు చెప్తున్నావా? చేయించిందే నేను," అన్నాడు భార్య అన్న, పళ్ళు కుట్టుకుంటూ. షెడ్డు అతనిది, బస్సు అతనిది, కుట్టు ఫ్యాక్టరీకి ఆడవాళ్ళని మోసే కాంట్రాక్టూ అతనిదే. "ఎల్లుండి తనిఖీ. అద్దంలా మెరవాలి."

"గట్టిగా కుదిపితే కప్పు కూలుతుంది. ఆ స్తంభం పక్కన కూర్చునేది నీ చెల్లెలే."

"ఇన్నాళ్ళూ కూలిందా? నువ్వు రంగులేస్తావా, జోస్యం చెప్తావా? చేతకాకపోతే చెప్పు బావా, ఎదురు షెడ్డువాడు వచ్చి పూసిపోతాడు."

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపలేదు.

"అయితే ఏం చెయ్యను, కాకిలా ఎగిరిపోనా? మొన్న ఆ బస్సెక్కనన్న పిల్లని ఫ్యాక్టరీ గేటు బయటే నిలబెట్టారు."

"అందరూ కలిసి అడగండి."

"ఏమని? మా ఆయన వేలితో కొడితే మోగిందనా? కంటికి కనబడాలయ్యా, కంటికి!"

ఆ మాట అతని బుర్రలో మేకులా దిగింది.

షెడ్డు అరమీద, రంగుకి అడుగుపూతగా కొట్టే ప్రైమర్లు రెండున్నాయి. ఎపాక్సీది ఇనుమునీ ఫైబర్‌నీ రెంటినీ పట్టుకుంటుంది. యాసిడ్‌ది ఇనుమునే కరుస్తుంది, ఫైబర్ మీద దానికి పట్టుండదు. బస్సంతా ఎపాక్సీ కొట్టాడు. స్తంభానికి మాత్రం కావాలని యాసిడ్ ప్రైమర్ కొట్టి, పైన రంగు వేశాడు. తనిఖీకి ముందు బస్సుని పైపు పెట్టి కడుగుతారు. ఆ నీళ్ళ దెబ్బకి రంగు పొరలుగా లేచిపోవాలి, లోపలి లప్పం, ఫైబర్ గుడ్డ అందరి ముందూ బయటపడాలి. అదీ లెక్క.

తనిఖీ రోజు కడిగారు. ఒక్క బొబ్బ లేవలేదు. తనిఖీ అధికారి బస్సు చుట్టూ తిరిగి, తల ఊపి, సంతకం పెట్టి పోయాడు. పెయింటర్ గోరుతో గీకి చూశాడు. ఊహూఁ. అప్పుడు గుర్తొచ్చింది. ప్రైమర్ కొట్టేముందు ఆ స్తంభాన్ని సన్న గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాడు, థిన్నర్ గుడ్డతో తుడిచాడు. పాడు అలవాటు! ఆ సన్నటి గీతల్లోకి దిగి రంగు గట్టిగా పట్టేసింది. బుర్ర కుట్ర చేసింది గానీ, చేతులకి చెప్పడం మర్చిపోయింది.

"నీ చెయ్యే చెయ్యి బావా!" అని వీపు చరిచాడు బస్సు ఓనరు.

మర్నాడు పొద్దున భార్య వెంట తనూ స్టాపుకి వెళ్ళాడు. ఆడవాళ్ళు బస్సెక్కుతున్నారు. స్తంభం మొదట్లో, మెరిసే రంగు మీద, వెంట్రుకంత గీత. నిన్న లేదు. ఒక్కో పాదం మెట్టు మీద పడినప్పుడల్లా ఆ గీత నోరు తెరుస్తోంది, మూస్తోంది. భార్య దాని పక్కనే కూర్చుంది.

అతను జేబులోంచి లప్పం కత్తి తీసి ఆ గీతలో పొడిచాడు. పిడిదాకా దిగింది. మెలిపెట్టి లాగితే గుప్పెడంత బొక్క పడింది. పైన కప్పు కిర్రుమంది. లోపలివాళ్ళు తలలు తిప్పి చూశారు.

"చూశారుగా! దిగండమ్మా!" అని అరిచాడు.

డ్రైవరు ఇంజను ఆపకుండా ఓనరుకి ఫోన్ చేశాడు. ఫోన్లో గొంతు అందరికీ వినబడింది: "సాయంత్రం మళ్ళీ పూయిద్దాంలే. గేటు మూసేస్తారు, బండి పోనీ."

భార్య లేచింది. దిగింది. "రండే! ఏం చూస్తున్నారు?" అంది. ఎవరూ కదల్లేదు. ఒకామె వచ్చి, కళ్ళు దించుకుని, ఖాళీ అయిన ఆ సీట్లో కూర్చుంది.

బస్సు కదిలింది. బొక్కలోంచి ఫైబర్ పీలికలు గాలికి ఊగుతున్నాయి. చుట్టూ రంగు మాత్రం చెక్కుచెదరలేదు.