బాబాయి మొహంలో ముడతలు

"సర్పంచి పోటీ ఫ్లెక్సీకి నీ స్టూడియో ఎందుకురా తేజా? మా మనవరాలు దీపిక ఫోన్లో ఫోటో తీసిందిలే," అన్నాడు వెంకట్రామయ్య బాబాయి.

గురజాలలో ప్రింటు చేయించిన ఫ్లెక్సీ మా ఊరి సెంటర్లో లేచింది. ఫోన్లోని బ్యూటీ ఫిల్టర్ ఆయన వయసులోంచి నలభై ఏళ్లూ, మొహంలోంచి మీసమూ తీసేసింది. కట్టుకున్న రామలక్ష్మి పిన్నే పరాయి మగాడనుకుని కొంగు సర్దుకుంది. పోటీకి దిగిన ఈ కుర్రాడెవరని జనం బాబాయినే అడిగారు.

మర్నాడు స్టూడియోకొచ్చాడు. "ఏందిరా ఈ ఖర్మ? నువ్వే తియ్యి. ముడతలు మాత్రం కనపడకూడదు."

"చానా కనపడతయ్ బాబాయ్. ఒక్కటి కూడా చెరపను. ఊరోళ్లు ఓటేసేది ఆ మొహానికే. కాదంటే ఆ కుర్రోణ్ణే గెలిపించుకో."

బాబాయి గొణుక్కుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. ప్రతి ముడతా కనపడేలా లైటును పక్కకు తిప్పాను.