మొద్దు అనే పిలుపు

మాది టైలరింగ్ షాపు. ముప్పై ఏళ్లుగా మా ఆయన నోట నా పేరు ఒకటే, "మొద్దు". గుండీ వంకరగా కుట్టినా అదే, అన్నానికి రమ్మన్నా అదే. ఆ పిలుపు వినబడకపోతే నాకు ముద్ద దిగేది కాదు.

ఇవాళ ఆస్పత్రి నుంచి నా స్కాన్ రిపోర్టు తెచ్చాడు. అంతా బాగానే ఉందన్నాడు. మిషను ముందు కూర్చున్నాడు కానీ సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు. నా వైపు చూడకుండానే, "బంగారం, కాసేపు పడుకోరాదూ" అన్నాడు.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

"డాక్టరు ఎన్నాళ్లన్నాడు?"

ఆయన దారం కొస మళ్లీ తడిచేసుకున్నాడు.

"ఆ బంగారం ఎవర్తో నాకు తెలీదు," అన్నాను. "ఉన్నన్నాళ్లూ నన్ను మొద్దనే పిలవండి."