మాత్రలకు బదులు నల్లద్రాక్ష

పొద్దున్నే కొట్టు తెరిచి, పళ్లు తుడిచి, గట్టివి ముందు, మెత్తబడ్డవి వెనక పేర్చుకోవడం తమ్ముడి పని. వాళ్లక్క పిలిచే పిలుపు విని వీధంతా అతణ్ణి తమ్ముడనే అంటుంది.

పళ్ల దగ్గర అతను నోరు అదుపులో పెట్టుకుంటాడు. ఎవరైనా సరే, ఉన్నదానికన్నా ఎక్కువ పొగిడితే ఆ కొట్లో పళ్లు పాలిపోతాయి మరి. "పర్లేదు, బాగానే ఉంటాయి" అన్నంతవరకే అతని గొప్పలు. కొనేవాళ్లు కూడా పండు రంగు మారలేదని చూసుకునే సంచీ చాపుతారు.

అందుకే అక్కతో ఆడిన అబద్ధం కొట్లో కాకుండా, ఇంట్లో కూర్చుని ఫోన్లో ఆడాడు. నల్లద్రాక్ష మిగిలిపోయి మెత్తబడుతోంది. అక్కకేమో బీపీ. ద్రాక్ష తొక్కలో ఫ్లేవనాయిడ్లని ఉంటాయట, గుండెకు మేలు చేస్తాయేమోనని ఇంకా పరిశోధిస్తున్నారట అని పేపర్లో చదివాడు. ఆ 'ఏమో'ను కాస్తా మింగేసి, "ఇవి తింటే ఇంక మాత్రలెందుకక్కా" అనేశాడు.

అక్క ఆ రోజే మాత్రలు మానేసింది. ఆ సంగతి అతనికి తెలిసింది. నిజం చెప్పేద్దామనే అనుకుంటాడు. తమ్ముడికి తనమీద ఎంత ప్రేమోనని మురిసిపోయే ఆ మొహం చూసి మాట మార్చేస్తాడు. సిగ్గుతో చచ్చిపోతూనే ద్రాక్ష తూచి ఇస్తున్నాడు.

ఓ రోజు అక్క కొట్లోకి వస్తూనే కళ్లు తిరిగి బల్ల పట్టుకుంది. పళ్లు ఏరుకుంటున్న టైలరమ్మ, తనకూ బీపీయేనంటూ ఆమెకు కుర్చీ జరిపింది. అక్క తేరుకుని, ఒక గుత్తి చేతిలోకి తీసుకుంది.

"మీరూ మాత్రలు మానెయ్యండి. ఇది చాలు. మా తమ్ముడు ఊరికే చెప్పడు" అంది.

గుత్తి ఆమె చేతిలోనే పైనుంచి కిందిదాకా తెల్లబడిపోయింది. టైలరమ్మ అది చూసి, కమలాలు తీసుకుని వెళ్లిపోయింది.

అక్క తమ్ముడివైపు తిరిగింది. "ఇది అబద్ధమని నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా. సరుకు పోవాలని అలా అన్నాను. నువ్వు మానేశావని తెలిశాక కూడా చెప్పలేదు."

ఆమె తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. తెల్లబడ్డ పండొకటి నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలింది.

"తియ్యగానే ఉందిరా. పాపం, దీని తప్పేముంది?"

కొట్టు అలాగే వదిలేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటూ అతను చెయ్యి అందించాడు. ఆమె లేచింది. వీధి పొడవునా గోడ పట్టుకునే నడిచింది.