పన్నెండో నంబరు

ముప్పై ఆరో పేజీ తెరిచి పుస్తకాన్ని టేబుల్ మీద కొట్టాడు కనకయ్య. చాయ్ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

కోరుట్ల రోడ్డు పక్కనున్న ఆ హోటల్ ఒకప్పుడు ట్రామ్ పెట్టె. హైదరాబాదు శివారులో రైలు పెట్టెలు చేసే కంపెనీ కట్టిన మొట్టమొదటి ట్రామ్. తలుపు చట్రం పగిలి వెనక్కి వచ్చింది, చివరికి తుక్కు వేలంలో హోటల్‌వాడికి దక్కింది. ఇవాళ అందులోనే కంపెనీ చరిత్ర పుస్తకం విడుదల. రాసింది విఠల్, అక్కడ సూపర్‌వైజరుగా చేసి రిటైరైనవాడు. పాత కార్మికులకు ప్రతులు ముందే అందాయి.

"ఏం రాసినవ్ విఠల్ సారూ? 'వెల్డర్ కనకయ్య నిర్లక్ష్యం వల్ల చట్రం పగిలింది' అనా? ఎల్లారెడ్డిపేటల మా బిడ్డ అక్షిత నలుగురి ముందట సదివింది. సంబురంగ మొదలువెట్టి నడిమిట్లనే ఆపేసింది."

"పాత ముచ్చట కనకన్నా. చాయ్ తాగు."

"నీ చాయ్‌ల మన్నువడ! అప్పుడు నువ్వు చెప్పిన గా ఒక్క మాటతోని నా నౌకరి పీకిండ్రు. ఇరవై ఏండ్లు సిరిసిల్లల గేట్లు, గ్రిల్లులు అతుక్కుంట బతికిన. ఇప్పుడు అచ్చుగూడ ఏస్తివా?"

ఆ చట్రం అతకాల్సిన రోజు వెల్డింగ్ రాడ్లకు చెమ్మ పట్టింది. తడి రాడ్ల అతుకు పగులుతుందని, వేడిచేసి ఆరబెట్టందే అతకనని కనకయ్య మొండికేసి ఇంటికి పోయాడు. సరుకు పంపే గడువు విఠల్ మెడ మీదుంది. మర్నాడు కనకయ్య వచ్చేసరికి చట్రం అతికి, రంగు పూసి ఉంది. ట్రామ్ ఆ పూటే వెళ్లిపోయింది. మళ్లీ దాన్ని చూడటం ఇదే.

కనకయ్య జేబులోంచి చిన్న ఉలి తీసి తలుపు దగ్గరికి నడిచాడు.

"అగో, రంగు ఖరాబైతది!" హోటల్ యజమాని అరిచాడు.

"జర ఆగు సేటూ. ఎవడు అతికితే వాడు పక్కన తన నంబరు కొట్టాలె. గది మా కార్ఖాన రివాజు. నాది నలభై ఏడు."

రంగు పెళ్లలు రాలాయి. పాత పగులు పక్కనే, ఇనుములో దిగిన అంకెలు బయటపడ్డాయి. పన్నెండు.

అది విఠల్ నంబరు. సూపర్‌వైజరు కాకముందు పదేళ్లు ఆ చేత్తో ఆ నంబరే కొట్టాడు. దొంగచాటుగా అతికిన రోజు కూడా చేయి అలవాటు కొద్దీ కొట్టేసింది.

"రెండో ముద్రణల మారుస్త..."

"రెండోది ఎవడు సూడాలె? గాడ నూరు పుస్తకాలున్నయ్. అన్నిట్ల నా పేరు కొట్టేసి నీది రాయి. పెన్ను వట్టు!"

విఠల్ కుర్చీలో కూలబడి మొదటి పుస్తకం తెరిచాడు. కనకయ్య కూర్చోలేదు. ఉలి పట్టుకుని అతని నెత్తిమీదే నిలబడ్డాడు.

"అక్షరాలు సక్కగ రాయి. మా బిడ్డ సదువుతది."