చిత్తడి దాటే దారి

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వెబ్‌సైట్‌లో అభిప్రాయాలు తీసుకోవడం మూసేస్తారు. ఇప్పుడు రెండున్నర. చిత్తడి దాటే దారి ఉంచమని హెల్వి రాసిన సూచన కింద మద్దతు సున్నా.

మంచు మీద నడిచే మోటారు బండ్లు ఏ దారుల్లో తిరగాలో మీరే చెప్పండంటూ ప్రభుత్వం కొత్త చట్టం ముసాయిదాను జనం ముందు పెట్టింది. ఒక్క మద్దతూ రాని దారులు వచ్చే ఏడు మూతపడతాయి. గడ్డకట్టిన చిత్తడి నేల మీదుగా అవతలి ఊరు పదకొండు కిలోమీటర్లు. రోడ్డున చుట్టి వెళితే తొంభై. హెల్వికి కారు లేదు, బస్సు ఎప్పుడో ఎత్తేశారు. అవతల తౌనో ఉన్నాడు.

పద్నాలుగు చలికాలాలుగా ఆమె ప్రతి శనివారం వెళ్తోంది. అతను ఆవిరిగది వేడిచేసి, కాఫీ కాచి ఉంచుతాడు. చిత్తడి కరిగాక మిగిలిన నెలలన్నీ ఆ శనివారాలను తలుచుకుంటూ గడుపుతుంది. ఉండిపొమ్మని అతను ఏనాడూ అనలేదు.

హెల్వి ఇల్లిల్లూ తిరిగింది. దారి వద్దనేవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. అందుకే ఎవరూ రాయలేదు.

"నువ్వు రాసిందాంట్లో తప్పేం లేదు కదమ్మా. ఉంటే రాసేదాన్నే," అంది పక్కింటి ఇంపి.

"ఒప్పుకుంటున్నానని కూడా రాయాలి, ఇంపక్కా."

"ఒప్పుకోడానికి నోరెందుకు? అందరం అదే మాట అంటే హెల్సింకీలో ప్రభుత్వం వాళ్లు మనల్ని వాగుడుకాయలనుకోరూ?"

మిగతా ఇళ్లలోనూ అదే జవాబు. మూడుంబావుకి హెల్వి తన మంచుబండెక్కి చిత్తడి దాటింది. తౌనో కట్టెలు కొడుతున్నాడు. ఇవాళ శుక్రవారం కదా అన్నట్టు చూశాడు. తన సూచన చూశావా అని అడిగింది.

"చదివాను. బాగా రాశావు."

"మరి నువ్వేం రాయలేదే?"

"ఇంకేం కలపాలి?"

"నీకెప్పుడూ కలపడానికేం ఉండదులే," అని ఆమె బండి వెనక్కి తిప్పింది.

ఇల్లు చేరేసరికి నాలుగూ ఐదు నిమిషాలు. వెబ్‌సైట్‌లో రాయడం మూసేశారు, చదవడానికి మాత్రం వీలుంది. ఆమె సూచన కింద మద్దతు ఒకటి, మూడూ యాభై ఆరుకి వచ్చింది.

"ఈ దారినే హెల్వి వస్తుంది. శనివారం తెల్లారిందగ్గర్నుంచీ బండి చప్పుడు కోసం వింటూ ఉంటాను. ఉండిపొమ్మని అడగలేకపోయాను. దారి ఉంచండి. తౌనో."

ఆమె రెండోసారి చదువుతుండగా ఫోన్ మోగింది. ఇంపి.

"తౌనో రాసింది చూశానమ్మా. నేనూ రాద్దామనుకునేసరికి మూసేశారు."

హెల్వి సంచి బయటికి లాగింది.

"ఇంపక్కా, నా పిల్లిని చూసుకుంటావా?"

"ఎన్నాళ్లు?"

"తెలీదు," అంటూనే హెల్వి ఉన్ని బట్టలు సంచిలో కుక్కుతోంది.