నూతి ముందు పెళ్లిఫొటో

నేను ఒక పెళ్లిఫొటోను. పుట్టిన రోజే నింద మోశాను. పెళ్లికొడుకు ఎల్లాజీ నాలో కళ్లు మూసుకున్నాడు. తుని నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు తీసిన రీలంతా వెలుగు సోకి పాడైపోగా నేనొక్కదాన్నే దక్కాను. అందుకే మొగలిదిబ్బ పాలెంలో పెళ్లికూతురు మసేనమ్మ నన్నే గోడకు తగిలించింది.

ముప్పై అయిదేళ్లుగా ఇంటికొచ్చిన చుట్టమల్లా, "ఏటి బావా, పెళ్లినాడే కునుకు తీసీసేవా?" అని నవ్వడమే. మనుషులు ఫొటోలో ముందు ముఖాలు వెతుక్కుంటారు. జంట వెనకాల ఊరి నుయ్యి, దాని వెనక వలలు ఆరేసిన మైదానం, బోర్లించిన తెప్పలు, వాటికి అవతల దారప్పోగంత సముద్రం ఉన్నాయని ఎవరికీ పట్టలేదు.

పాలేనికి తుపాను షెల్టరు మంజూరైంది. ఒడ్డునే కట్టాలని సర్పంచి కొర్లయ్య పట్టు. తీరం కోత మీద పరిశోధన చేసే హైమవతి వచ్చి వద్దంది. బడిలో తెర కట్టి బొమ్మలు చూపించింది. మొదట కరుగుతున్న మంచు మీద తెల్ల ఎలుగుబంటి. "పాపం, సలికి అలా తెల్లబడిపోయినాదేటి?" అంది ఒక ముసలమ్మ. బడి గొల్లుమంది. తరవాత, తీరం ఏ ఏడాది ఎక్కడుండేదో చూపే ఎర్రగీత, నీలిగీత ఉన్న పటం. "ఈ గీతల్లో మా ఊరేదమ్మా?" అన్నాడు కొర్లయ్య. "సముద్రం మా తల్లి. వత్తాది, పోతాది. రేపే ముగ్గు పోసేత్తాం."

హైమవతి ముఖం చిన్నబోయింది. మసేనమ్మ జాలిపడి ఇంటికి పిలిచి టీ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని హైమవతి నన్ను చూసింది. నా బతుకులో పెళ్లికొడుకును దాటి చూసిన తొలి మనిషి.

"అమ్మా, ఈ నుయ్యి ఇప్పుడెక్కడుంది?"

మసేనమ్మ దగ్గరికొచ్చి కళ్లు చిట్లించింది. "ఒలమ్మో! మా అత్త నాసేత మొదటి బిందె తోడించిన నుయ్యి కదా ఇది!"

మర్నాడు పొద్దున్నే నన్ను చంకలో పెట్టుకుని ఒడ్డుకు నడిచింది. ముగ్గు డబ్బాతో కొర్లయ్య సిద్ధంగా ఉన్నాడు. "నుయ్యెక్కడో సూపించు" అని మొగుణ్ని నీళ్లలోకి తోసినంత పని చేసింది. ఎల్లాజీ కెరటాలు దాటి, ఈది, ఒకచోట ఆగి కాళ్లతో తడిమాడు. కుర్రకారు వలలు చిరుగుతాయని రోజూ తిట్టుకునే రాయి అది. నడుం లోతు నీళ్లలో నిటారుగా నిలబడి అరిచాడు. "నూతి ఒర మీదున్నానర్రా!"

కొర్లయ్య నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. దూరంగా ఎల్లాజీని చూశాడు. నాలో నూతి వెనకాల ఉన్న మైదానాన్ని చూశాడు. మళ్లీ ఎల్లాజీని చూశాడు.

"ఆడినుంచి కూడా అంత దూరముండీదా సముద్రం?" గొంతు తగ్గింది. "మరి వచ్చిందేగానీ పోనేలేదేటి?"

ఇప్పుడు గంతులేస్తుందనుకున్న హైమవతి తల అడ్డంగా ఊపింది. "ఒక్క ఫొటో చాలదండీ. పోటు మీద తీసిందో, పాటు మీద తీసిందో తెలీదు. ఇంకెవరిళ్లల్లోనైనా పాత ఫొటోలున్నాయా?"

అంతే, పాలెంలో ట్రంకుపెట్టెలన్నీ తెరుచుకున్నాయి. సమర్తలు, కొత్త తెప్పల పూజలు, అన్నప్రాశనలు బడి బల్లల మీద బారులు తీరాయి. మధ్యమధ్య "ఇంత సన్నగుండీదాన్నా!" అని మురిపాలు. సాయంత్రానికి హైమవతి వాటిని ఏళ్లవారీగా పేర్చేసరికి, వెనకాల సముద్రం ఫొటో ఫొటోకూ దగ్గరికొస్తూ కనిపించింది. పక్కనే తన గీతల పటం పరిచింది. ఈసారి కొర్లయ్య తనే వేలు పెట్టి ఒక్కొక్క గీతను చదివాడు.

షెల్టరు జీడితోట వెనక, మెట్ట మీద లేచింది. నేనిప్పుడు దాని గోడ మీద, బోలెడంత బంధుబలగంతో ఉన్నాను.

ప్రారంభం రోజున హైమవతి ఒడ్డున ఒక రాతిస్తంభం పాతించింది. ఏటా అదే తేదీన, అదే పోటు వేళకు, అక్కడే ఫొటో తీయాలని ఏర్పాటు. తొలి ఫొటోకు మసేనమ్మ దంపతులనే నిలబెట్టారు. కొర్లయ్య సెల్‌ఫోను ఎత్తాడు. మసేనమ్మ కొంగు సర్దుకుని, ఎందుకో తిరిగి సముద్రాన్ని చూసి, మొగుణ్ని పక్కకు లాగింది.

"ఒరే కొర్లయ్యా, మమ్మల్ని సిన్నగా తీసినా పరవాలేదు. ఎనకాలది బాగా పడాల."