కొత్త గరిటె కొలత

ముందే ఒప్పుకుంటున్నాను, ఆర్థిక సంస్కరణల గురించి నాకు అక్షరం ముక్క తెలీదు. ప్రభుత్వం ఎందుకు పడిపోయిందో టీవీలో పెద్దవాళ్ళు గ్రాఫులు గీసి చెబుతుంటే, నాకు బట్టల మిల్లు క్యాంటీన్‌లోని వంటక్కే గుర్తొస్తుంది.

బియ్యం మీద సబ్సిడీ ఎత్తేశాక ఒకరోజు పొద్దున్నే మేనేజరు బియ్యం తగ్గించి కొలిచి, ఆమె చేతిలో కొత్త గరిటె పెట్టాడు. పాతదానికి చెల్లెలిలా ఉంది.

"భోజనం రేటు పైసా పెంచలేదు, చూశావా? సంస్కరణ అంటే ఇదీ!"

"అవును సార్. గరిటెతో డైటింగ్ చేయించారు."

ఆయన నవ్వలేదు. "అన్నం అందరికీ సరిపోవాలి. సరిపోలేదా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

మొగుడి జీతం ఇంటద్దెకే సరి. పిల్లల తిండి ఈమె జీతం మీదే. వంటక్క కొత్త గరిటె తీసుకుని పొయ్యి దగ్గరకు నడిచింది.

మధ్యాహ్నం ముందుగా నేతవాళ్ళు వచ్చారు. కంచంలో పడింది చూసి ఒకడు, "అక్కా, ఇది తినడానికా, రుచి చూడ్డానికా?" అన్నాడు.

ఆమెకు మనసొప్పలేదు. అదే గరిటెతో ఇంకాస్త వేసింది. వెనకవాడికీ వేసింది. ఒకరికి వేశాక ఇంకొకరికి చెయ్యి ఎలా ముడుచుకుంటుంది?

ఆఖరున వచ్చేది రంగులు అద్దేవాళ్ళు. వాళ్ళలో ఆమె మొగుడూ ఒకడు. అప్పటికి గరిటె గుండిగ అడుగును గీకుతోంది.

"ఏమే, మాకేదీ?" అన్నాడు మొగుడు గొంతు తగ్గించి.

వెనక కంచాలు మోగాయి. మేనేజరు పరుగున వచ్చి ఆమె చెవిలో ఊదాడు. "నేతవాళ్ళు రెండోసారి పెట్టించుకున్నారని చెప్పు. నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా."

ఎంత తేలికైన మాట! రంగులవాళ్ళు నేతవాళ్ళ మీద పడి కొట్టుకుంటారు, తనింట్లో పొయ్యి వెలుగుతుంది. వంటక్క మొగుడి ఖాళీ కంచం వైపు చూసింది. గుండిగను బల్ల మీద బోర్లించింది.

"ఎవరూ ఎక్కువ తినలేదయ్యా. నిన్న పెట్టినంతే ఇవాళా పెట్టాను. బియ్యమే తగ్గించి ఇచ్చారు."

నేతవాళ్ళ చేతులు కంచాల్లోనే ఆగిపోయాయి. ఒక పెద్దాయన సగం తిన్న కంచం పక్కకు జరిపి లేచాడు. ఆయన వెనకే బల్లలన్నీ లేచాయి. తక్కువ తినమంటే సర్దుకునేవాళ్ళేమో, ఏడాదిగా ఇళ్ళల్లో చేస్తున్నది అదేగా. అసలు లేదంటే ఎలా సర్దుకోవాలో ఎవరికీ తెలీలేదు.

సాయంత్రానికి పక్క మిల్లులవాళ్ళూ రోడ్డెక్కారు. వంటక్క ఉద్యోగం అప్పటికే ఊడింది.

"కట్టుకున్నవాణ్ణి పస్తుంచి ఊరంతా లేపావు కదే," అన్నాడు మొగుడు, గుంపులో ఆమె పక్కనే నడుస్తూ.

"రేపు పిల్లలకేం పెట్టాలో అది చెప్పు ముందు."

ఇద్దరూ నడుస్తూనే ఉన్నారు. ప్రభుత్వం పడిపోయేదాకా ఆ గుంపు రోడ్డు దిగలేదు.

మీ దగ్గర మొదట ఎవరి కంచం ఖాళీ అయింది? ఆ రోజు ఎవరు నోరు విప్పారు? నాకు రాయండి.